ఇంటిపేరు మైదానం చెబుతుంది

జులై 4, సోమవారం

ఈ రోజు నుంచి మూడు వారాలు మౌనం. ఏటా ఇదే తంతు. సీజన్ అయిపోగానే గొంతు డాక్టర్ లోపలికి లైటు కొట్టి చూస్తాడు, పెదవి విరుస్తాడు, ఆగస్టులో అరవాలని ఉంటే జులైలో నోరు మూసుకో అంటాడు. గుసగుసలు కూడా కూడదట. అరుపు కంటే గుసగుసే గొంతుకు ఎక్కువ చేటట.

ఎల్కెకు మాత్రం పండగే. ఏడాదికి ఈ మూడు వారాలే మా కాపురం సజావుగా సాగుతుంది అని పక్కింటావిడతో చెబుతోంది, నేను వింటూండగానే. ఈ నోటుపుస్తకం కొనిచ్చింది కూడా తనే. ఏదన్నా చెప్పాలనిపిస్తే ఇందులో రాసుకోవయ్యా, చేతులు తిప్పి నా ప్రాణం తీయకు అంది.

రాస్తాను. ఎవరూ చదవరు కాబట్టి గొప్పలు కూడా చెప్పుకోవచ్చు.

నీటి సరఫరా ఆఫీసులో నేనొక గుమాస్తాను. హోల్టర్‌బెక్ ఫుట్‌బాల్ మైదానంలో మాత్రం ఇరవై ఏడేళ్లుగా మైకు నాది. మ్యాచ్‌కు ముందు మన జట్టు జాబితా చదువుతాను. నంబరు చెప్పి, పేరు పిలిచి, బటన్ మీంచి బొటనవేలు తీసేసి, ఎడమ చెయ్యి పైకెత్తుతాను. ఇంటిపేరు మైదానం చెబుతుంది. నలభై వేల మంది ఒక్క గొంతుతో. నా గది కిటికీ అద్దం అదురుతుంది. బయటి ఊరి నుంచి వచ్చిన జట్టుకు ఆ మర్యాద లేదు. వాళ్ల పేరూ ఇంటిపేరూ రెండూ నేనే చదివేస్తాను, స్టేషన్లో రైళ్ల టైములు చదివినట్టు.

అయినా వాళ్ల దగ్గరికీ వెళ్తాను. మ్యాచ్‌కు గంట ముందు పెన్సిలు పట్టుకుని వాళ్ల గది బయట నిలబడి, కొత్తవాడెవడైనా కనిపిస్తే, బాబూ నీ పేరు ఎలా పలకాలి అని అడుగుతాను. ఎవరి పేరైనా వాళ్లమ్మ పిలిచినట్టు పలకాలి. నాకు తెలిసిన విద్య ఇదొక్కటే.

జులై 9, శనివారం

పొద్దున బన్నుల కోసం హలీనా బడ్డీకొట్టుకు వెళ్లాను. పేపర్ నిండా రూబెన్ బొమ్మే. దక్షిణాదిన రోజెన్‌బర్గ్ క్లబ్బు వాళ్లు వాణ్ని కొంటారట. రూబెన్ హలీనా కొడుకు. మా జట్టులో పదకొండో నంబరు. వయసు ఇరవై మూడు.

కొట్టు ముందు నలుగురు మగాళ్లు బీరు సీసాలతో నిలబడి ఆమెను ఆట పట్టిస్తున్నారు. నీ కొడుకు వెళ్లిపోతే నువ్వు కూడా కొండల్లో బంగళా కట్టుకుని మమ్మల్ని మరిచిపోతావు హలీనా అని ఒకడు. ముందు నువ్వు ఇక్కడి నుంచి కదులు, పదింటికే తాగుతున్నావు, తర్వాత నా బంగళా సంగతి చూద్దువు గాని అని హలీనా. తర్వాత నా వైపు తిరిగి, నిన్ననే శిక్షణ శిబిరం నుంచి ఫోన్ చేశాడు వోల్కర్, ఎక్కడికీ పోనన్నాడు, కొత్త పరదాలు కొంటున్నాడు ఇంటికి, పోయేవాడు పరదాలు కొంటాడా అంది. నేను తల ఊపాను. మాట్లాడకూడదు కదా.

వాడు మొదటిసారి ఆడిన రోజు ఇంకా గుర్తే. పద్దెనిమిదేళ్లు. ఆట ఇంకో పది నిమిషాలు ఉందనగా దింపారు. రూబెన్ అని పిలిచి చెయ్యెత్తాను. ఇంటిపేరు ఎవరికీ తెలియదు. మైదానమంతా గమ్మున ఉండిపోయింది. ఉత్తర గ్యాలరీ పన్నెండో వరుసలోంచి ఒక్క ఆడగొంతు సదోవ్‌స్కీ అని వినిపించింది. హలీనా. తర్వాతి వారానికి ఊరంతా నేర్చుకుంది.

ఆ గ్యాలరీ వెనక గోడ మీద పెద్ద అక్షరాలు ఉంటాయి. మన పిల్లల్ని మనం అమ్ముకోం. గనులు నడిచే రోజుల్లో ఎవరో రాశారు. ఇప్పుడు అదే మాట కాఫీ కప్పుల మీద, మఫ్లర్ల మీద, క్లబ్బు అధ్యక్షుడి కారు వెనకాల. ఆ గోడ ముందు ఫోటో దిగడానికి కంపెనీల వాళ్లు వరస కడతారు. అలాంటి క్లబ్బు రూబెన్‌ను అమ్ముతుందా. పేపర్ వాళ్లకు జులైలో వేరే పని ఉండదు.

జులై 14, గురువారం

అమ్మేశారు.

జులై 15, శుక్రవారం

మూడు కోట్ల ఎనభై లక్షల యూరోలు. పేపర్లో ఫోటో. వాళ్ల చొక్కా ఎత్తి పట్టుకుని రూబెన్ నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి నోరు లేదు. ఎల్కె వంటింట్లో సరుకులు రాసుకునే పలక మీద నాలుగు తిట్లు రాశాను. తను చదివి, మూడోదానికి స్పెల్లింగ్ తప్పు అని తుడిచేసింది.

వాడికి పోవాలని ఉంటే పోనీ. అమ్మకు పరదాల కథ చెప్పడం ఎందుకు? నాకో ముక్క చెప్పకూడదా? ఐదేళ్లు మామా మామా అని తిరిగాడు.

జులై 26, మంగళవారం

గొంతు వచ్చింది. మొదటి మాట కాఫీ. ఎల్కె అయిపోయింది పండగ అంది.

ఆగస్టు 6, శనివారం

సీజన్ మొదలుపెట్టే వేడుక. పిల్లలు, సాసేజిలు, బ్యాండు. ముప్పై వేల మంది వచ్చారు. సగం మంది రూబెన్ చొక్కా వేసుకుని దాని మీది పేరు కనబడకుండా నల్ల టేపు అతికించుకున్నారు.

పది నిమిషాల్లో నేను మైకు పట్టుకోవాలనగా టెన్‌హాగెన్ వచ్చింది. క్లబ్బులో పత్రికల వ్యవహారాలు చూసేది ఆమే. నలభై కూడా ఉండవు, ఎప్పుడు చూసినా నిద్ర చాలని మొహం. చేతిలో ఒక కాగితం, మూలకు పచ్చ క్లిప్పు. రూబెన్ అభిమానులకు రాసిన ఉత్తరమండీ, మీరే చదవాలి అంది. అధ్యక్షుణ్ని చదవమనొచ్చుగా అన్నాను. ఆయన చదివితే ఎగతాళిగా ఈల వేస్తారు, మీరు చదివితే నమ్ముతారు అంది. ఆ మాట నాకు నచ్చింది. రాసుకుంటే సిగ్గుగా ఉంది, కానీ నచ్చింది.

చదివాను. వెళ్తానని నేనే అడిగాను అని ఉంది. పెద్ద కప్పులు గెలవాలన్నది నా కల, నన్ను ఆపడానికి క్లబ్బు చేయగలిగిందంతా చేసింది అని ఉంది. నా గుండెలో సగం ఎప్పటికీ ఈ గడ్డ కింద పాతేసి ఉంటుంది అని ముగిసింది.

బాగా చదివాను. కోపంలో ఉన్నాను కాబట్టి ఇంకా బాగా చదివాను. నేనే అడిగాను అన్నచోట ఒక్క క్షణం ఆగాను. ఎక్కడ ఆగాలో నాకు తెలుసు, ఇరవై ఏడేళ్ల అనుభవం. ఆ ఆగిన చోటే మొదలైంది ఈల. ముప్పై వేల మంది ఈల. గోడ కింద ఎవరో పదకొండో నంబరు చొక్కా తగలబెట్టారు. నాకు లోపల ఎక్కడో తృప్తిగా అనిపించింది. వాడికి బాగా అయింది అనుకున్నాను.

హలీనా పన్నెండో వరుసలోంచి లేచి వెళ్లిపోవడం గాజులోంచి చూశాను.

ఆగస్టు 8, సోమవారం

హలీనా కొట్టు షటర్ మీద ఎర్ర రంగుతో ద్రోహి అని రాశారు. నేను రోడ్డు దాటి అవతలి కొట్లో బన్నులు కొన్నాను. రాయిలా ఉన్నాయి. ఎల్కె కొరికి, ఇవెక్కడివి అంది. చెప్పాను. ఏమయ్యా, తప్పు చేసింది కొడుకైతే బన్ను మానేసేది తల్లి దగ్గరా అంది. మిగతావి తినలేదు.

ఆగస్టు 19, శుక్రవారం

రూబెన్ స్థానంలో కొత్త స్టార్‌ను తెచ్చారు. డెన్మార్క్ కుర్రాడు, యెప్పె లిల్‌హోల్ట్. పరిచయం వీడియో తీశారు. చేతికి గని దీపం ఇచ్చి చీకటి సొరంగంలోంచి నడిపించారు. ఆ దీపం ఏ గనిలోకీ దిగలేదు, నాటకాల సామాను కొట్లోంచి అద్దెకు తెచ్చారు. చివర్లో చొక్కా మీద క్లబ్బు గుర్తును ముద్దు పెట్టుకోవాలి. వెలుగు సరిపోలేదని మూడుసార్లు పెట్టించారు. మూడోసారికి పాపం మొహం ఎర్రబడింది.

వెళ్లి పేరు ఎలా పలకాలో అడిగాను. కాగితం మీద యెప్పె అని ఉంది. మా అమ్మ యెబ్బె అంటుందండీ, కానీ పర్లేదు, మీకెలా వీలైతే అలా అన్నాడు. పెన్సిలుతో రాసుకున్నాను. మంచి పిల్లాడిలానే ఉన్నాడు.

సెప్టెంబర్ 12, సోమవారం

ఈ రోజు హలీనా నన్ను రోడ్డు మీద ఆపింది. ఐదు వారాలుగా అవతలి పేవ్‌మెంటు మీద నడుస్తున్నాను. ఆమె కొట్టు వదిలేసి, ఏప్రాన్‌తోనే రోడ్డు దాటి వచ్చింది.

నా బన్నులు అమ్ముడుపోనక్కర్లేదు వోల్కర్, ఒక్క మాట అడుగుతా చెప్పు అంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రాళ్ల దగ్గరికి పెన్సిలు పట్టుకుని పోతావు. నీ పేరేంటి బాబూ, మీ అమ్మ ఎలా పిలుస్తుంది బాబూ అని. ఈ ఊళ్లో పుట్టినవాడి పేరుతో ఒక కాగితం చేతికిస్తే, ఈ మాటలు నీవేనా అని నా కొడుకుని ఒక్కసారి అడిగావా అంది.

అడగలేదు అన్నాను.

ఫోన్ నంబరు లేదా అంది. ఉంది అన్నాను.

ఆమె కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. మెల్లగా చెప్పుకుపోయింది. శిబిరంలో వాణ్ని గదిలోకి పిలిచారట. అమ్మకం అయిపోయింది, ఒప్పుకోకపోతే ఏడాదంతా మ్యాచ్‌లు లేకుండా రెండో జట్టుతో సాధన చేసుకో అన్నారట. నువ్వు వెళ్తేనే ఇక్కడ మిగతావాళ్లకు జీతాలు అందుతాయి, క్లబ్బును ప్రేమిస్తే సంతకం పెట్టు అన్నారట. పెట్టాడు. ఆ కాంట్రాక్టులోనే ఉందట, దీని గురించి ఎక్కడా నోరు విప్పకూడదని. ఉత్తరం సంగతి వాడికి మర్నాడు పేపర్లో చూస్తేనే తెలిసిందట.

వాడు చెప్పకూడదు, నేను చెబితే తల్లి కాబట్టి ఎవరూ నమ్మరు అంది. ఊరు నీ గొంతు నమ్మింది అంది. తిరిగి రోడ్డు దాటి వెళ్లిపోయింది.

సెప్టెంబర్ 15, గురువారం

ఆఫీసుకు సెలవు పెట్టి టెన్‌హాగెన్ దగ్గరికి వెళ్లాను. ఆ ఉత్తరం ఎవరు రాశారు అని అడిగాను. బుకాయిస్తుంది అనుకున్నాను. బుకాయించలేదు. నేనే రాశానండీ, నాలుగుసార్లు తిరగరాశాను అంది. ఎందుకు అన్నాను. కిటికీలోంచి ఆ గోడ చూపించింది. ఆ గోడ ఉంది కదండీ, పిల్లల్ని అమ్ముకోం అని, ఆ గోడే మన వ్యాపారం, ఇక అమ్మేశాక రెండే దార్లు, గోడ అబద్ధమైనా కావాలి, కుర్రాడు ద్రోహి అయినా కావాలి అంది. గోడను కూల్చే అధికారం నాకు లేదు అంది.

అబద్ధం నా చేత చదివించారు అన్నాను. మీరు చదవకపోతే అది ఒట్టి కాగితమండీ అంది. ఎత్తిపొడుపు కాదు. ఉన్నమాట అన్నట్టుగా అంది.

వచ్చేటప్పుడు, ఇవన్నీ మైకులో చెప్పాలని అనుకుంటున్నారేమో, చెబితే ఆ మైకు మళ్లీ మీకు దక్కదు అని కూడా అంది. బెదిరించినట్టు కాదు. జాగ్రత్త చెప్పినట్టు.

సెప్టెంబర్ 17, శనివారం

మ్యాచ్. గెలిచాం. ఏమీ చెప్పలేదు.

అక్టోబర్ 1, శనివారం

చెప్పలేదు.

అక్టోబర్ 22, శనివారం

చెప్పలేదు. యెబ్బె రెండు గోల్స్ కొట్టాడు. మైదానమంతా లిల్‌హోల్ట్ లిల్‌హోల్ట్ అని ఊగిపోయింది. ఆ శబ్దం వింటే నాకు ఇంకేమీ అక్కర్లేదనిపిస్తుంది. అదే నా జబ్బు.

నవంబర్ 20, ఆదివారం

ఇప్పుడు బన్నులు హలీనా దగ్గరే కొంటున్నాను. ఆమె సంచిలో వేసి ఇస్తుంది, నేను పట్టుకుంటాను. షటర్ మీద ఎర్రరంగు అలాగే ఉంది. ఎందుకు తుడవలేదు అని ఎల్కె అడిగిందట. రాసినవాళ్లే తుడవాలి అందట.

భయం దేనికి అని రాసుకుందాం. ఎవరూ చదవరు కదా. ఆఫీసులో నన్నెవరూ పట్టించుకోరు. బల్ల మీద నా పేరు చెక్క కూడా పడిపోయి రెండేళ్లయింది. పిల్లల్లేరు. రెండు వారాలకోసారి నేను చెయ్యెత్తితే నలభై వేల మంది జవాబిస్తారు. అది పోతే నేను ఎవణ్ని? ఒక కుర్రాడి పరువు, ఒక తల్లి నిద్ర ఒకవైపు. నా మైకు ఇంకోవైపు. రెండు నెలలుగా మైకే బరువు తూగుతోంది. నేను మంచివాణ్ని అనుకునేవాణ్ని.

ఫిబ్రవరి 24, శుక్రవారం

రేపు రోజెన్‌బర్గ్ వస్తోంది. రూబెన్ వస్తున్నాడు. ఈలలు ఉచితంగా పంచుతున్నారు స్టేషన్ దగ్గర.

టెన్‌హాగెన్ ఫోన్ చేసింది. వాళ్ల జాబితా మామూలుగా, గబగబా చదివేయండి, పదకొండు దగ్గర ఆగకండి, చాలు అంది. సరే అన్నాను. మనసులో కూడా సరే అనే అన్నాను. ఎల్కెతో, రేపు ఏదో ఒకటి చెప్పాలనుంది అన్నాను. ఐదు నెలలుగా అంటున్నావు, ముందు సూప్ తాగు అంది.

ఫిబ్రవరి 25, శనివారం, సాయంత్రం ఏడు

వరసగా రాస్తాను.

రెండున్నరకు పెన్సిలు పట్టుకుని వాళ్ల గది వైపు వెళ్లాను. వాళ్లలో ఇద్దరు కొత్తవాళ్లు ఉన్నారు, పేర్లు అడగాలి. నడవాలో రూబెన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నన్ను చూసి నవ్వబోయి మానేశాడు. చిక్కిపోయాడు. నా పేరు ఎలా పలకాలో అడగవా మామా అన్నాడు.

నేను, ఆ ఉత్తరంలో ఒక్క మాటైనా నీదా అని అడిగాను. ఆగస్టులో అడగాల్సింది ఫిబ్రవరిలో అడిగాను. వాడు నేల చూశాడు. నేను చెప్పకూడదు, సంతకం పెట్టాను అన్నాడు. మళ్లీ తనే, అప్పుడు నువ్వు అడిగినా చెప్పేవాణ్ని కాదేమో, కానీ అడిగి ఉండాల్సింది మామా అన్నాడు.

ఏం చెయ్యమంటావు అన్నాను. ఏమీ వద్దు, మామూలుగా చదివెయ్, అమ్మ ఈ ఊళ్లోనే బతకాలి అన్నాడు. లోపలి నుంచి ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు.

మామూలుగానే చదవాలని కూర్చున్నాను. ఒట్టు. ముందు బయటి జట్టు జాబితా. ఒకటి, రెండు, నాలుగు. రైళ్ల టైముల్లాగే చదువుతున్నాను. ఏడు, తొమ్మిది. మైదానంలో అప్పటికే ఈలలు నోట్లో పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. నంబర్ పదకొండు అన్నాను. రూబెన్ అన్నాను.

బొటనవేలు బటన్ మీంచి లేచిపోయింది. ఎడమ చెయ్యి పైకి లేచింది. ఐదేళ్లు ఆ పేరు తర్వాత అవి రెండూ లేచాయి, ఈ రోజు కూడా లేచాయి. నేను చెప్పాల్సిన ఇంటిపేరు నా నోట్లోనే ఉండిపోయింది. చేసిన తప్పు నాకు తెలిసేలోపు మైదానం సదోవ్‌స్కీ అంది.

నలభై వేల మంది. ఈల వేయడానికి వచ్చినవాళ్లు ఈలలు నోట్లోంచి తీసి మరీ అన్నారు. గాజు అదిరింది.

తర్వాత నిశ్శబ్దం. నా జన్మలో ఆ మైదానంలో అలాంటి నిశ్శబ్దం వినలేదు. కింద జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటున్నారు, ఇదేంటి మన నోటికి ఏమొచ్చింది అన్నట్టు. ఎవడో నవ్వాడు. మధ్యగీత దగ్గర రూబెన్ తల వంచుకుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. కట్టిన లేసే.

ఇప్పుడు ఈలలు మొదలవుతాయి, ఇక ఎప్పటికీ వీలుకాదు అనిపించింది. బటన్ నొక్కాను.

నేను వోల్కర్‌ను అన్నాను. ఆగస్టులో నేను ఇక్కడ చదివిన ఉత్తరం రూబెన్ రాయలేదు. క్లబ్బు ఆఫీసులో రాశారు. వెళ్తానని వాడు అడగలేదు. నేను వాణ్ని అడక్కుండా చదివాను. తర్వాత నిజం తెలిసింది. తెలిసి కూడా ఐదు నెలలు నోరు మూసుకున్నాను. ఇదంతా నాకు రూబెన్ చెప్పలేదు, ఆ ఉత్తరం రాసినవాళ్లే చెప్పారు.

పక్కన సౌండ్ చూసే అతను ఒక్క మీట తిప్పితే నా గొంతు ఆగిపోయేది. చెయ్యి దాని మీదే ఉంది. తిప్పలేదు. తన బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

నంబర్ పద్నాలుగు అన్నాను. మిగతా జాబితా చదివేశాను. మన జట్టు జాబితా చదవడానికి నన్ను ఉంచలేదు. మెట్ల మీద టెన్‌హాగెన్ ఎదురొచ్చింది. పక్కకు తప్పుకుని దారిచ్చింది.

రేడియోలో విన్నాను, రెండు రెండుతో సమానమైందట. రూబెన్‌కు బంతి వచ్చినప్పుడు కొందరు ఈల వేశారట, కొందరు వేయలేదట. చివర్లో వాడు బయటికి వస్తుంటే ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ ఈల వేయలేదు అన్నాడు రేడియోవాడు.

ఫిబ్రవరి 26, ఆదివారం

ఉదయం హలీనా మా ఇంటికి వచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి. కాగితం పొట్లంలో రంగురంగుల చప్పరింపు మిఠాయిలు తెచ్చింది, పిల్లలకు ఏరి ఇచ్చే రకం. ఎల్కె కాఫీ పోసింది. ముగ్గురం కూర్చున్నాం.

ఆలస్యంగా చెప్పావు వోల్కర్ అంది. అవునన్నాను. అయినా చెప్పావు అంది.

రాత్రి రూబెన్ ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చాడట. నన్ను తిట్టాడా అని అడిగాను. లేదు, మామ గొంతు వణికింది, డాక్టర్ దగ్గరికి వెళ్లమను అన్నాడట.

ఫిబ్రవరి 27, సోమవారం

అధ్యక్షుడి గదికి పిలిచారు. గొంతు మందుల మత్తులో ఏదేదో మాట్లాడాను అని సంతకం పెడితే మైకు నాదేనట. ఇరవై ఏడేళ్లు, అందరికీ మీరంటే అభిమానం, చిన్న సంతకం అన్నాడు. కలం కూడా మంచిది ఇచ్చాడు.

మీ మందులు నేను ఎప్పుడూ మింగలేదు అని చెప్పి వచ్చేశాను. ఇలాంటి జవాబులు సాధారణంగా ఇంటికొచ్చాక తోస్తాయి. ఈసారి అక్కడే తోచింది.



మార్చి 1, బుధవారం

క్లబ్బు ప్రకటన వచ్చింది. ఇరవై ఏడేళ్ల సేవ తర్వాత, ఆరోగ్య కారణాల వల్ల, పూర్తిగా తన కోరిక మేరకే వోల్కర్ తప్పుకుంటున్నారట. కింద నేను అభిమానులకు రాసిన ఉత్తరం. నేను రాయని ఉత్తరం. ఎల్కె కళ్లజోడు పెట్టుకుని గట్టిగా చదివింది. వెళ్తానని నేనే అడిగాను. నన్ను ఆపడానికి క్లబ్బు చేయగలిగిందంతా చేసింది. నా గుండెలో సగం ఎప్పటికీ ఈ గడ్డ కింద పాతేసి ఉంటుంది.

ఎల్కె ఆగింది. ఇది ఎక్కడో విన్నానయ్యా అంది.

మధ్యాహ్నానికి ఊరంతా విన్నది. నీటి ఆఫీసులో ఒకడు రెండు ఉత్తరాలూ పక్కపక్కన అచ్చుతీసి గోడకు అంటించాడు. ఆ మూడు వాక్యాల్లో ఒక్క అక్షరం తేడా లేదు. సాయంత్రానికి స్టేషన్ దాకా ఒకటే నవ్వులు. ఆ గడ్డ కింద ఇంకా ఎన్ని అర గుండెలున్నాయో తవ్వి చూడాలి అంటున్నారు.

టెన్‌హాగెన్ పొరపాటున అలా రాసిందా? ఎల్కె నమ్మలేదు. నాలుగుసార్లు తిరగరాసే మనిషి అంత పొరపాటు చెయ్యదు అంది. నాకు తెలియదు. అడగడానికి ఫోన్ చేశాను. ఈసారి అడగాలనే అనుకున్నాను. ఎత్తలేదు.

మార్చి 4, శనివారం

హలీనా షటర్ ఎవరో తుడిచారు. సరిగ్గా పోలేదు, ఎర్రమరక మిగిలింది. బకెట్ అక్కడే వదిలి వెళ్లారు. బన్నుల కోసం పదకొండు మంది వరసలో ఉన్నారు. ఎవరూ ఆమె మొహంలోకి చూడటం లేదు. ఆమె ఎన్ని కావాలి, ఎన్ని కావాలి అని మాత్రం అడుగుతోంది.

గ్యాలరీ వెనక గోడ మీద, మన పిల్లల్ని మనం అమ్ముకోం అన్న మాట కింద ఎవరో సుద్దతో, ఉత్తరాలు మాత్రం మేమే రాస్తాం అని చేర్చారట.

మార్చి 11, శనివారం

ఉత్తర గ్యాలరీ, పన్నెండో వరుస. ఒకవైపు ఎల్కె, ఒకవైపు హలీనా. ఆగస్టు తర్వాత ఆమె ఇక్కడికి రావడం ఇదే.

మైకులో కొత్తవాడు పేర్లు పిలిచాడు. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి నేను ఇంటిపేర్లు అరిచాను. గొంతు పోయింది.

నంబర్ పదకొండు అన్నాడు. యెప్పె అన్నాడు. తప్పు పలికాడు. హలీనా లేచి నిలబడి లిల్‌హోల్ట్ అని అరిచింది, నా చెవి పక్కనే, మా అందరికంటే గట్టిగా. నేను తిరిగి ఆమె వైపు చూశాను.

వాడికీ ఎక్కడో ఒక అమ్మ ఉంటుంది కదా అని కూర్చుంది.